కలహారి అంచున వేట గుడారం

విమానంలోంచి ఎవరో విసిరేసిన ఖాళీ కోకాకోలా సీసా ఓ ఎడారి మనిషి ముందు పడుతుంది. అదేమిటో అతనికి తెలీదు. దేవుడు పంపాడనుకుని ఇంటికి పట్టుకెళ్తాడు. ఉన్నది ఒకటే సీసా, కావాల్సిన వాళ్లు పదిమంది. అంతకుముందెన్నడూ లేని తగాదాలు మొదలవుతాయి. ‘నీ వస్తువు నువ్వే ఉంచుకో సామీ’ అని దేవుడికి తిరిగిచ్చేయడానికి అతను భూమి అంచు వెతుక్కుంటూ బయల్దేరతాడు.

గుర్తొచ్చిందా? 1980లో వచ్చిన ‘ది గాడ్స్ మస్ట్ బి క్రేజీ’. వీసీఆర్ అద్దెకు తెచ్చుకుని చుట్టుపక్కల పిల్లలందరినీ పోగేసి చూసిన ఇళ్లు మన దగ్గరా తక్కువేం కాదు. అందులో నటించిన ఆ బక్కపల్చటి మనిషి పేరు న్‌కావ్. నిజానికి ఆ పేరు మధ్యలో నాలుకతో ‘టక్’మని ఓ చప్పుడు చేయాలి. మన యాభై ఆరు అక్షరాల్లో దానికి చోటు లేదు. చిన్నపిల్లల్ని ముద్దు చేసేటప్పుడూ, ఎద్దుల్ని అదిలించేటప్పుడూ మనం చేసే చప్పుళ్లే వాళ్ల భాషలో అక్షరాలు!

సినిమాలో అతనిది బోట్స్వానా అని చెప్పారు. అసలు ఊరు నమీబియా ఈశాన్య మూలన ఉన్న సుమ్‌క్వే ప్రాంతం. బయటి ప్రపంచమంటే తెలియని అమాయకులని చూపించారు. అదీ నిజం కాదు. సినిమా తీసేనాటికే అక్కడ ప్రభుత్వాఫీసు వచ్చి ఇరవై ఏళ్లయింది. 1978 తర్వాతైతే దక్షిణాఫ్రికా సైన్యం అక్కడి మగవాళ్లని జాడలు తీసే పనికి జీతాలిచ్చి పెట్టుకుంది. సీసా కాదు, తుపాకీ కూడా వాళ్లు చూసేశారు. మొదటి సినిమాకి న్‌కావ్ చేతికొచ్చింది కొన్ని వందల డాలర్లేనని చెబుతారు. 2003లో ఆ ఊరి దగ్గరే కన్నుమూశాడు.

ఆ న్‌కావ్ మనుషులు, జుహోన్సీలు, ఇప్పుడు ఆఫ్రికాలో ఓ విచిత్రమైన వ్యాపారానికి యజమానులు. ఏనుగుల్ని వేటాడ్డానికి విదేశాల నుంచి వచ్చే డబ్బున్న వాళ్లకి తమ అడవిలో అనుమతి అమ్ముతారు. ఆ డబ్బుతో అడవిని కాపాడుకుంటామంటారు. ‘చంపి కాపాడ్డమేంటి?’ అనిపిస్తుంది కదూ? నాకూ అదే అనిపించింది. అందుకే చూద్దామని వెళ్లాను. వేటకి కాదు, వేటని చూడ్డానికి.

మూడింతల దేశం... మూడోవంతు జనం కూడా లేరు

నమీబియా వైశాల్యం దాదాపు 8 లక్షల 25 వేల చదరపు కిలోమీటర్లు. అంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపితే వచ్చేదానికి మూడింతలు. 2023 లెక్కల ప్రకారం జనం 30 లక్షలు. మన హైదరాబాద్‌లో మూడోవంతు కూడా కాదు! మనకి ఈ దేశం పేరు బాగా వినబడింది 2022 సెప్టెంబరులో. కునో అడవికి తొలివిడతగా వచ్చిన 8 చీతాలు ఇక్కడివే.

రాజధాని విండ్‌హోక్ నుంచి సుమ్‌క్వే 700 కిలోమీటర్ల పైమాటే. గ్రూట్‌ఫాంటెయిన్ దాటి కొంతదూరం వెళ్లేదాకా నున్నటి తారురోడ్డు. మనలాగే ఎడమవైపు నడుపుతారు కాబట్టి కొత్తనిపించదు. ఆ తర్వాత కుడివైపు మలుపు తిరిగాక 220 కిలోమీటర్లకు పైగా కంకరబాట. గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది. గంటకి రెండు బళ్లు ఎదురైతే ఎక్కువ. ఎదురైన ప్రతి డ్రైవరూ చెయ్యి ఊపుతాడు. మొదటి గంట నేనూ ఉత్సాహంగా ఊపాను. తర్వాత కోడికునుకు పట్టేసింది.

సుమ్‌క్వే అంటే ఓ నాలుగురోడ్ల కూడలి. పోలీస్‌స్టేషన్, ఆసుపత్రి, హైస్కూలు, ఓ దుకాణం, ఓ లాడ్జి, ఇంకా న్యయ్ న్యయ్ కన్జర్వెన్సీ ఆఫీసు. ఈ ఆఫీసే మన కథకి కేంద్రం.

కన్జర్వెన్సీ అంటే ఏమిటో కాస్త చెప్పాలి. 1990లో స్వాతంత్ర్యం వచ్చేదాకా నమీబియాని ఏలింది దక్షిణాఫ్రికా. అప్పుడు అడవి జంతువులన్నీ సర్కారు సొత్తు. తెల్ల రైతుల పొలాల్లో తిరిగే వాటిమీద మాత్రం ఆ రైతులకి హక్కుండేది. ఊళ్లలో ఉన్న నల్లవాళ్లు వేటాడితే దొంగలు. 1996లో చట్టం మార్చి, ఊళ్లవాళ్లు సంఘంగా ఏర్పడి సరిహద్దులు నిర్ణయించుకుంటే వాళ్ల నేలమీది జంతువుల్ని సాకే హక్కు, వాటి మీద వచ్చే ఆదాయం వాళ్లదేనన్నారు. అలా 1998లో నమోదైన తొలి కన్జర్వెన్సీల్లో న్యయ్ న్యయ్ ఒకటి. దాదాపు 9 వేల చదరపు కిలోమీటర్లు. ఉమ్మడి కృష్ణా జిల్లా కంటే కాస్త ఎక్కువ. జనం మాత్రం సుమారు మూడు వేలు, ముప్పై పైచిలుకు చిన్న చిన్న పల్లెల్లో.

ఏడాదికి ఇన్ని ఏనుగులని ప్రభుత్వం కోటా ఇస్తుంది. ఆ కోటాని కన్జర్వెన్సీ ఓ వేట కంపెనీకి ఒప్పందం మీద ఇస్తుంది. కంపెనీ విదేశాల నుంచి వేటగాళ్లని తెస్తుంది. దేశం మొత్తంమీద ఇలా వేటాడిన ఏనుగుల దంతాల్లో ఏడాదికి 90 ఏనుగులవి మాత్రమే బయటికి పంపుకోవచ్చని అంతర్జాతీయ ఒప్పందం.

సఫర్... సఫారీ

సఫారీ అనగానే మనకి జూపార్కులో జాలీల బస్సు గుర్తొస్తుంది. అరబ్బీ ‘సఫర్’ నుంచి స్వాహిలీలోకి వెళ్లిన మాట అది. హైదరాబాదీలకి విడమరిచి చెప్పక్కర్లేదు, ఉర్దూలోనూ సఫర్ అంటే ప్రయాణమే. తూర్పు ఆఫ్రికాలో మామూలు ప్రయాణాన్ని వేటయాత్రగా మార్చేసింది తెల్లదొరలు. వాళ్లలో అందరికంటే పేరుమోసింది అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్. 1909-10లో కొడుకుతో కలిసి ఆఫ్రికాలో తిరిగి ఇద్దరూ 512 జంతువుల్ని కొట్టారు. మ్యూజియం కోసమని చెప్పుకున్నారు. రూజ్‌వెల్ట్ వాటా 296, కొడుకుది 216. లెక్క రాసి మరీ పుస్తకంలో వేశాడాయన.

మన దగ్గర మాత్రం? ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కి పులుల వేటంటే ప్రాణం. ఇప్పుడు పులుల అభయారణ్యంగా ఉన్న అమ్రాబాద్ అడవులు ఒకప్పుడు నిజాంల వేట మైదానాలే. 1972 చట్టంతో మన దేశంలో ఆ ముచ్చటకి తెరపడింది. ఆఫ్రికాలో ఒక్కో దేశానిదీ ఒక్కో దారి. కెన్యా 1977లో వేటని నిషేధించింది. బోట్స్వానా 2014లో ఆపి, 2019లో మళ్లీ తెరిచింది. నమీబియా ఎప్పుడూ ఆపలేదు.

గుడారంలో తెల్లవారుజాము

వేట క్యాంపంటే పెద్ద పెద్ద బంగళాలు ఊహించుకోకండి. చెట్లకింద ఖాకీ కాన్వాసు గుడారాలు నాలుగు. మధ్యలో గడ్డికప్పు వంటశాల. కాస్త ఎడంగా, గాలి అటువైపు పోయేలా, చర్మాలు ఒలిచే పాక. ఆ ఎడం ఎందుకో రెండోరోజుకి నా ముక్కుకి అర్థమైంది.

జులై అక్కడ చలికాలం. పగలు ఎండ బాగానే ఉన్నా రాత్రి సున్నా డిగ్రీల దాకా దిగుతుంది. తెల్లారుజామున నాలుగున్నరకి ఎవరో వచ్చి గుడారం బయట గంగాళంలో వేడినీళ్లు పోసి వెళ్తారు. స్నానానికి నీళ్లు కాచే పద్ధతి మాత్రం భలే నచ్చింది. ఇనప పీపాని అడ్డంగా ఇటుకల మీద పెట్టి కింద మంట వేస్తారు. దాన్ని ‘డాంకీ’ అంటారు. అచ్చం మన పల్లెటూళ్ల పెరట్లో రాగి బాయిలరే. కాకపోతే అక్కడ మంటలో వేసేది క్యామెల్‌థార్న్ అనే తుమ్మజాతి కట్టె. రాత్రి వేస్తే పొద్దున్న ఊదినా నిప్పు బతికే ఉంటుంది.

తిండి గురించి అడుగుతారుగా! పొద్దున మొక్కజొన్న పిండి జావ. మధ్యాహ్నం అదే పిండితో గట్టిగా సంకటి. దానిని ‘పాప్’ అంటారు. రాయలసీమ వాళ్లనీ గటక తినే తెలంగాణ వాళ్లనీ అక్కడ వదిలేస్తే ఏ ఇబ్బందీ పడరు. రాత్రికి మూడుకాళ్ల ఇనప కుండలో నిప్పుల మీద మూడు గంటలు ఉడికిన జింక మాంసం. దారిలో నమలడానికి ‘బిల్టాంగ్’. మాంసాన్ని పేలికలుగా కోసి ఉప్పు, వెనిగర్, మిరియాలు, వేయించి దంచిన ధనియాలు పట్టించి నీడన ఎండబెడతారు. తెలంగాణ ఒరుగుల రుచి తెలిసినవాళ్లకి ఇది దూరపు చుట్టమే. శాకాహారులకి మాత్రం బంగాళాదుంపలు, ఓ డబ్బా బీన్సు. అంతే. ఫిర్యాదు చేసుకోవడానికి దగ్గర్లో హోటలు కూడా లేదు.

రాత్రి మంట చుట్టూ కూర్చున్నప్పుడే అసలు కబుర్లు. దూరంగా హైనా కూత మొదలవుతుంది. మొదట లోగొంతుతో ‘ఊ’ అని సాగి చివర్లో పైకి లేస్తుంది. అలవాటు లేనివాళ్లకి కడుపులో తిప్పుతుంది. ఏనుగులు మాత్రం చప్పుడు చేయవు. మూడోరోజు పొద్దున్న లేచి చూస్తే నా గుడారానికీ వంటశాలకీ మధ్య పళ్లెమంత అడుగులు. రాత్రి ఎప్పుడొచ్చి వెళ్లిందో కుక్కకి కూడా తెలీదు... అసలక్కడ కుక్క లేదనుకోండి.

క్యాంపులో మొత్తం పదమూడుమందిమి. వేటకి వచ్చింది ఒక్కరే. జర్మనీ పెద్దాయన, ఉద్యోగ విరమణ చేసిన ఇంజినీరు. ఆయన వెంట లైసెన్సు ఉన్న ప్రొఫెషనల్ హంటర్ ఒకాయన. అందరూ ఆయన్ని ‘పీహెచ్’ అంటారు. చట్టప్రకారం పీహెచ్ లేకుండా విదేశీయుడు తుపాకీ ఎత్తకూడదు. సూర్యుడు అస్తమించాక వేట కుదరదు. చిన్న తుపాకీతో ఏనుగుని గాయపరిచి వదిలేయకుండా గుండుకి ఉండాల్సిన కనీస శక్తి కూడా నిబంధనల్లో రాశారు. మిగతావాళ్లు వంటవాళ్లు, చర్మాలు ఒలిచేవాళ్లు, ఇద్దరు జాడగాళ్లు, కన్జర్వెన్సీ తరఫున ఓ గార్డు, ఇంగ్లిషు తెలిసిన కుర్రాడొకడు. ఈ కుర్రాడే నాకు నోరూ చెవులూ.

నేల మీద పేపరు చదివే మనుషులు

జాడగాళ్లలో పెద్దవాడికి అరవై ఉంటాయి. నన్ను చూసిన రెండోరోజే తన చెల్లెలి కొడుకు పేరు నాకు పెట్టేశాడు. జుహోన్సీల్లో పేరు పెడితే చుట్టరికం కలిసినట్టే. ఒకే పేరున్న ఇద్దరు ఒకే మనిషిలాంటి వాళ్లని లెక్క. దాంతో ఆయన నాకు మేనమామ అయ్యాడు. ఆయన భార్య నాకు అత్త. క్యాంపులో సగంమంది వరసలు మారిపోయాయి. ఎవరితో పరాచికాలాడచ్చో, ఎవరి ముందు ఒద్దికగా ఉండాలో కుర్రాడు కూర్చోబెట్టి చెప్పాడు. మేనమామతో పరాచికాలు మనకి కొత్తా?

ఆయన అడవిలో నడుస్తుంటే చూడాలి. చేతిలో సన్నటి పుల్ల. దానితో ఒక్కో అడుగునీ చూపిస్తూ పోతాడు. ఏనుగు ముందుకాలి అడుగు చుట్టుకొలతని రెండుతో గుణిస్తే భుజం దాకా దాని ఎత్తు వస్తుంది. ఇది పుస్తకాల్లోనూ ఉంది. మడమ దగ్గర గీతలు అరిగి నున్నగా ఉంటే ముసలిది. అడుగు మీద చీమ నడిచిన గీత ఉంటే తెల్లారకముందు వెళ్లింది. చీమ గీతని అడుగు తొక్కేసి ఉంటే ఎండ వచ్చాక వెళ్లింది. పేడలోకి చెయ్యిపెట్టి వేడి చూస్తాడు. నమిలి ఊసిన బెరడుని వేళ్లతో నలిపి తడి చూస్తాడు.

“రాత్రి మన గుడారాల మధ్యకి వచ్చింది ఇదేనా మామా?” అని అడిగించాను.

“అది కుర్రది. దీనికి దాని అడుగుల్లో వెనక్కి తిరిగి చూసుకునే వయసు” అన్నాడు. కుర్రాడు సరిగానే అనువదించాడో లేదో గానీ నాకు మాత్రం భలే నచ్చింది.

మొదటిరోజు పదిహేను కిలోమీటర్లు నడిచి ఓ మగ ఏనుగుని పట్టుకున్నారు. అరవై అడుగుల దూరం. చిన్న గుడ్డసంచిలో బూడిద పోసుకుని దులుపుతూ గాలి ఎటుందో చూసుకుంటున్నాడు పీహెచ్. బైనాక్యులర్స్‌లో అయిదు నిమిషాలు చూసి తల అడ్డంగా ఊపాడు. ‘ఇంకా పిల్లల్ని కనే వయసు’ అన్నాడు. అందరం వచ్చిన దారినే వెనక్కి. జర్మనీ పెద్దాయన మొహంలో చిరాకుంటుందేమో అని చూశాను. లేదు, చెమట తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. రెండోరోజూ అంతే. నాలుగోరోజు తొమ్మిదింటికి కణతలు గుంటలు పడిన ముసలి ఏనుగు దొరికింది.

నన్నూ కుర్రాణ్నీ బండి దగ్గరే ఉండమన్నారు. ఇరవై నిమిషాల తర్వాత ఒక చప్పుడు. రెండు క్షణాల్లో ఇంకోటి. అడవిలో పక్షులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. నా మట్టుకు నాకు ఆ చప్పుడు నచ్చలేదు. ఇప్పుడు గుర్తొచ్చినా నచ్చదు. మేం వెళ్లేసరికి జర్మనీ పెద్దాయన టోపీ తీసి పక్కన నిలబడి ఉన్నాడు. కళ్లు తడిగా ఉన్నాయి. అంత బాధైతే ఎందుకు కొట్టడమని అడగాలనిపించింది. అడిగాను కూడా. “అది వేటగాడికే అర్థమవుతుంది” అన్నాడు. నాకు అర్థం కాలేదు.

మాంసాన్ని తిట్టడం

ఆ తర్వాత జరిగింది మాత్రం నేను ఏ పుస్తకంలోనూ చదివినట్టు లేదు. గంటన్నరలో పల్లెల నుంచి బళ్లమీదా కాలినడకనా జనం వచ్చేశారు. గొడ్డళ్లు, కత్తులు, బకెట్లు, చంకలో పిల్లలు. గార్డు చిన్న పుస్తకంలో వయసు, దంతాల కొలతలు, చోటు అన్నీ రాసుకున్నాడు. ఆయన తల ఊపగానే పని మొదలైంది. అయిదు టన్నుల జంతువు సాయంత్రానికి ఎముకలగూడుగా మిగిలింది. ఏ పల్లెకి ఎంతో సంఘం వాళ్లు కుప్పలు పెట్టి పంచారు. గొడవ జరగలేదు. ఎవరి కుప్ప పెద్దదనే సణుగుడు మాత్రం మన పెళ్లిళ్లలో సారె పంపకాలకి తీసిపోలేదు.

ఆ పనిలో ఉండగానే మా మేనమామ ఏనుగు పక్కన నిలబడి పెద్దగా ఏదో అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. కుర్రాడు చెప్పాడు. “ఇంత దూరం నడిపించి చివరికి ఈ ఎముకల మూటని చూపించారా? దీన్ని ఉడికించే కట్టెకైనా కిట్టుబాటు కాదు!”

జర్మనీ పెద్దాయన బిక్కమొహం వేశాడు. ఇది వాళ్ల ఆచారం. మంచి వేట కొట్టినవాణ్ని ఎవరూ పొగడరు. మాంసాన్ని తిడతారు. కొట్టినవాడు కూడా ‘ఏదో చిన్నది దొరికింది’ అని తల వంచుకోవాలి. లేకపోతే వాడికి పొగరెక్కుతుందనీ, ఏదో ఒకరోజు తోటివాడి మీదే చెయ్యి చేసుకుంటాడనీ పెద్దల భయం. ఇంకో సంగతి వింటే మరీ ఆశ్చర్యం వేస్తుంది. బాణం వేసినవాడిది కాదు మాంసం, ఆ బాణం ఎవరిదో వాళ్లది! ఒకరి బాణాలు ఒకరు ఇచ్చిపుచ్చుకుంటారు. నడవలేని ముసలాయన బాణంతో కుర్రాడు జింకని కొడితే పంచే పెద్దరికం ముసలాయనది. ఆ లెక్కన ఆ రోజు ఏనుగు ఎవరిది? తుపాకీ జర్మనీది, అడవి కన్జర్వెన్సీది. మామని అడిగితే “అడుగులు నేను చదివాను కదా” అని నవ్వేశాడు.

వాళ్ల సొంత వేట సంగతి వేరు. న్యయ్ న్యయ్‌లో జుహోన్సీలు ఇప్పటికీ విల్లంబులతో వేటాడుకోవచ్చు. తుపాకీ, కుక్కలు, గుర్రాలు మాత్రం కూడదు. విషం తీసే పద్ధతి మామ చూపించాడు. మన గుగ్గులు చెట్టు జాతికే చెందిన ఓ పొద మొదట్లో తవ్వితే మట్టి గూళ్లలో ఒక రకం పెంకుపురుగు పిల్లలుంటాయి. వాటిని వేళ్లమధ్య నలిపి వచ్చే రసాన్ని బాణానికి పూస్తారు. మొనకి కాదు, మొన వెనక ఊచకి. పొరపాటున చెయ్యి గీసుకున్నా ప్రాణం పోకుండా ఈ జాగ్రత్త. విరుగుడు లేని విషం. అలాగని జంతువు వెంటనే పడిపోదు. పెద్దదైతే ఒకటి రెండు రోజులు దాని వెనకే నడవాలి. 1950ల్లో అమెరికా నుంచి వచ్చిన మార్షల్ కుటుంబం వీళ్లతో ఏళ్ల తరబడి గడిపింది. ఆ ఇంటి అబ్బాయి జాన్ మార్షల్ 1957లో విడుదల చేసిన ‘ది హంటర్స్’ డాక్యుమెంటరీ అంతా అలా ఓ జిరాఫీ వెనక నడిచిన కథే.

ఆ విద్య ఉన్నవాళ్లు తగ్గిపోతున్నారు. మామ కొడుకు సుమ్‌క్వేలో దుకాణంలో పనిచేస్తాడట. వాడికి చిరుతపులి అడుగుకీ హైనా అడుగుకీ తేడా తెలీదని అత్త ఫిర్యాదు. నల్లమలలో చెంచు పెద్దలు తమ పిల్లల గురించి చెప్పే మాటే ఇది. కాకపోతే చెంచులకి అడవిలో తేనె, పుట్టగడ్డలే గానీ జంతువు మీద హక్కులేదు. ఇక్కడ వీళ్లకుంది.

డాలర్ల లెక్క

ఒక్క ఏనుగు వేటకి విదేశీయుడు పెట్టే ఖర్చు పదుల వేల డాలర్లలో ఉంటుంది. అందులో విమానాలు, క్యాంపు, కంపెనీ లాభం పోగా ఒప్పందం ప్రకారం కన్జర్వెన్సీ వాటా కన్జర్వెన్సీకి వస్తుంది. న్యయ్ న్యయ్ ఆదాయంలో పెద్దభాగం ఇదే. గార్డుల జీతాలు దీంట్లోంచే. ఏడాదికోసారి పెద్దవాళ్లందరికీ తలా కొంత నగదు పంచుతారు. తర్వాతి ఆదాయం డెవిల్స్ క్లా అనే దుంప. కీళ్లనొప్పుల మందుకని యూరప్ వాళ్లు కొంటారు. ఆడవాళ్లు నిప్పుకోడి గుడ్ల పెంకుల్ని పూసలుగా చెక్కి దండలు అమ్ముతారు.

‘ఫొటోలు తీసుకునే టూరిస్టుల్ని తెచ్చుకోవచ్చు కదా?’ అని అడిగితే ఆఫీసులో ఒకాయన సూటిగా చెప్పాడు. “విండ్‌హోక్ నుంచి ఎతోషా పార్కుకి తారురోడ్డుంది. అక్కడ నీళ్ల గుంట దగ్గర కూర్చుంటే గంటలో యాభై ఏనుగులు. ఇక్కడికి కంకరబాటలో ఎందుకొస్తారు?” నేను వచ్చిన దారి తలుచుకుని ఊరుకున్నాను.

ఇటువైపు వాదన ఇది. అటువైపు వాదనా తేలిగ్గా తీసేసేది కాదు. వేటగాళ్లకి కావాల్సింది పెద్ద దంతాలు. పెద్ద దంతాల ముసలి ఏనుగులే కుర్ర ఏనుగులకి నీళ్ల దారులూ నడవడికా నేర్పుతాయి. వాటిని ఏరి ఏరి తీసేస్తే? పైగా నిబంధనలు కాగితం మీద ఉండటం వేరు, అడవిలో ఉండటం వేరు. 2015లో జింబాబ్వేలో పరిశోధకులు మెడకి పట్టీ కట్టిన సెసిల్ అనే సింహాన్ని ఓ అమెరికా దంతవైద్యుడు కొట్టినప్పుడు లోకమంతా భగ్గుమంది. నిషేధించిన కెన్యాలో ఏనుగులు పెరిగాయా అంటే, వేట ఆపిన తర్వాత కూడా దొంగవేట ఆగలేదు. 1970ల మొదట్లో లక్షన్నరకి పైగా ఉన్న ఏనుగులు 1989కి ఇరవై వేల లోపుకి పడ్డాయి. ఆ ఏడాదే కెన్యా 12 టన్నుల దంతాలు కాల్చేసి ప్రపంచం కళ్లు తెరిపించింది. దంతాల అమ్మకం మీద అంతర్జాతీయ నిషేధం వచ్చాకే అక్కడ ఏనుగులు కోలుకున్నాయి. అంటే నిషేధం ఒక్కటే కాపాడలేదు, వేట ఒక్కటే చంపలేదు.

2024 ఏప్రిల్‌లో జర్మనీ వేట బహుమతుల దిగుమతి మీద ఆంక్షలు బిగిస్తానంటే, అప్పటి బోట్స్వానా అధ్యక్షుడు మసీసీకి ఒళ్లు మండింది. ‘ఇరవై వేల ఏనుగులు పంపిస్తాం, మీరు చెప్పినట్టే మీరే కలిసి బతకండి’ అన్నాడు. చమత్కారమే గానీ అందులో మంట ఉంది. 2022లో నమీబియా, బోట్స్వానా సహా అయిదు దేశాలు కలిసి లెక్కిస్తే ఆ సరిహద్దు అడవుల్లో తేలిన ఏనుగులు సుమారు 2 లక్షల 27 వేలు. 2024 కరవులో నమీబియా ప్రభుత్వం 723 అడవి జంతువుల్ని చంపి మాంసం జనానికి పంచుతామంది. వాటిలో ఏనుగులు 83.

నాకు ఎక్కువ భయం వేసింది వేరే చోట. ఈ లెక్కంతా ఎక్కడో ఉన్న నలుగురైదుగురు డబ్బున్నవాళ్ల సరదా మీద నడుస్తోంది. 2020లో కరోనా వచ్చి విమానాలు ఆగగానే వేటగాళ్లు రాలేదు. గార్డుల జీతాలకి వెతుకులాట. ఇంకోటి, కన్జర్వెన్సీకి జంతువుల మీద హక్కుందిగానీ నేల ఇప్పటికీ సర్కారుదే. 2009లో దక్షిణం వైపు గామ్ నుంచి పశువుల కాపర్లు కంచె కోసి మందల్ని సుమ్‌క్వేలోకి తోలుకొచ్చారు. తమ అడవిలోంచి వాటిని పంపించాలని జుహోన్సీలు ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఏనుగుకి పర్మిట్ రాసేటంత తొందరగా ఆవుకి నోటీసు రాయరు.

గోడ కట్టిన బోరు

ఆఖరిరోజు మామ వాళ్ల పల్లెకి వెళ్లాను. ఎనిమిది ఇళ్లు. కొమ్మల మీద దండేల్లా మాంసం పేలికలు ఆరేసి ఉన్నాయి. కింద నిప్పుల పొగ. పల్లె బడిలో మొదటి మూడేళ్లు చదువు వాళ్ల భాషలోనే. ఏడుగురు పిల్లలు నాకు ‘టక్’ అక్షరం నేర్పబోయి, నా నాలుక తిరక్క, నవ్వి నవ్వి కింద పడ్డారు.

ఊరికి కాస్త దూరంలో సోలార్ పంపున్న బోరు. దాని చుట్టూ ఛాతీ ఎత్తున రాళ్లగోడ. ఒకవైపు గోడ కూలి ఉంది. పైపు వంకర తిరిగి పడుంది. పదిరోజుల కిందట దాహమేసిన ఏనుగులు వచ్చి గోడ తోసేసి పైపు పీకేశాయట. అప్పట్నుంచీ నీళ్ల కోసం ఆడవాళ్లు పక్క పల్లెకి నడుస్తున్నారు. ఏనుగంటే ముద్దొచ్చే మనలాంటి వాళ్లందరం ఓసారి ఆ గోడ చూడాలి.

“పీకింది ఏది మామా? మొన్న పడిందేనా?” అని అడిగించాను.

మామ కూలిన గోడ దాకా వెళ్లి పాత అడుగుల్ని పుల్లతో కెలికాడు. గాలికి సగం చెరిగిపోయి ఉన్నాయి. “కాదు. ఇవి ఆడవి, పిల్లలతో వచ్చాయి. వీటిని ఎవరూ కొట్టకూడదు” అన్నాడు.

కొత్త పైపుకీ, సిమెంటుకీ ఆఫీసులో అర్జీ పెట్టారు. వేట కంపెనీ డబ్బు కట్టగానే మెకానిక్‌ని పంపిస్తామన్నారట. అత్త నాకు నిప్పుకోడి పెంకుల దండ ఒకటి ఇచ్చి డబ్బులు తీసుకోనంది. వరస కలిసిందిగా! కుర్రాడు మాత్రం రహస్యంగా చెప్పాడు, ఊరికే తీసుకుంటే కుదరదు, తర్వాతెప్పుడైనా నేనూ ఏదో ఒకటి పంపాలని. ఏం పంపమంటారని అడిగితే అత్త క్షణం కూడా ఆలోచించలేదు. మూత గట్టిగా పట్టే ఇరవై లీటర్ల నీళ్ల క్యాను కావాలంది.